వెదురు వాద్యం నిజంగా మాట్లాడుతుందా? పక్కింటి హ్మోంగ్ కుటుంబం గురించి ఒక ప్రశ్న

మంచుదారి:

అందరికీ నమస్కారం. మేము మినసోటాలో సెయింట్ పాల్ తూర్పు వైపున ఉంటాం. ఇల్లు కొని నాలుగేళ్ళయింది. పక్కింటివాళ్ళు హ్మోంగ్. తాతగారు, నాయనమ్మ, కొడుకు, కోడలు, ముగ్గురు పిల్లలు. మంచు కరిగిన మర్నాటి నుంచీ ఆ పెద్దావిడ పెరట్లోనే ఉంటుంది. ఆవాకు, కొత్తిమీర, మిరప, గుమ్మడి వేస్తుంది. గుమ్మడి తీగ చివుళ్ళు లేతగా ఉన్నప్పుడే కోసి, కంచె మీదుగా కట్ట నా చేతికిస్తుంది. ఆవిడకు ఇంగ్లీషు రాదు, నాకు హ్మోంగ్ రాదు. నాలుగేళ్ళుగా నవ్వులతోనే నడిపాం.

పెద్ద మనవరాలు హైస్కూల్లో ఉంది. నాయనమ్మను ఏమని పిలవాలని అడిగితే పీ, ఓ, జీ అని మూడక్షరాలు కాగితం మీద రాసిచ్చింది. కంచె దగ్గర నిలబడి "పోగ్" అని పిలిచాను. పెద్దావిడ అటూ ఇటూ చూసింది తప్ప పలకలేదు. "ఆంటీ, జీ పలకకూడదు" అంది అమ్మాయి. సరే, "పో" అన్నాను. "ఇప్పుడు ముల్లు అన్నారు" అంది. ఇంకోలా అన్నాను. అదీ కాదంది. పలకనప్పుడు ఆ జీ రాయడం ఎందుకు?

రెండో సంగతే ఇలా రాయడానికి అసలు కారణం. పోయిన నెల ఆ తాతగారు పోయారు. అంత్యక్రియలు శుక్రవారం మొదలై సోమవారం ఖననంతో ముగిశాయి. మమ్మల్నీ రమ్మన్నారు. శనివారం సాయంత్రం వెళ్ళి రెండు గంటలు కూర్చున్నాం. పెట్టె ముందు ఒకాయన పొడవాటి వెదురు గొట్టాల వాద్యం ఊదుతున్నాడు. గొట్టాలు ఒంపు తిరిగి ఉన్నాయి. ఊదుతూ వంగుతున్నాడు, గుండ్రంగా తిరుగుతున్నాడు, పక్కన ఇంకొకరు పెద్ద డోలు కొడుతున్నారు. నేనున్నంతసేపూ శబ్దం ఎక్కడా తెగలేదు. ఊపిరి ఎప్పుడు తీసుకుంటున్నాడో తెలియలేదు.

"చాలా బావుంది పాట" అన్నాను ఆ అమ్మాయితో. "ఆంటీ, అది పాట కాదు, మాటలు. తాతతో మాట్లాడుతున్నాడు. ఏ దారిన వెళ్ళాలో చెబుతున్నాడు" అంది. నీకు అర్థమవుతుందా అంటే తల అడ్డంగా ఊపింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. ఇంకేమీ అడగలేకపోయాను.

ఇంటికొచ్చినా ఆ మాటే తిరుగుతోంది. మాట్లాడుతోందని ఊరికే భావంగా అన్నదా, నిజంగానే గొట్టం మాటలు పలుకుతుందా? పెద్దావిడ ఇప్పుడు పొద్దస్తమానం వెనక మెట్ల మీద ఒక్కతే కూర్చుంటోంది. వెళ్ళి పక్కన కూర్చుని ఒక మాటైనా వాళ్ళ భాషలో చెప్పాలనుంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

బాటసారి:

చైనాలో వీళ్ళను మియావ్ అంటారని చదివాను. చైనీస్‌లో మాండలికమే అయ్యుంటుంది. చైనీస్‌లో కూడా గొంతు ఎత్తు మారితే మాట మారిపోతుంది కదా. యూట్యూబ్‌లో చైనీస్ టోన్ల పాఠాలు చూస్తే మీ పని జరిగిపోవచ్చు.

నర్సమ్మ:

మంచుదారి గారూ, ఆ అమ్మాయి భావంగా అనలేదండీ, ఉన్నమాట చెప్పింది. నేను ఈ ఊళ్ళోనే పదిహేడేళ్ళు ఇంటింటికీ వెళ్ళి చూసే నర్సుగా పనిచేశాను. నా పేషెంట్లలో సగం మంది హ్మోంగ్ పెద్దవాళ్ళే. మొదట అవసరం కొద్దీ వాళ్ళ మాటలు పట్టుకున్నాను. తర్వాత ఆ భాష మీద ప్రేమ పుట్టింది, ఇప్పటికీ పోలేదు. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందుగా బాటసారి గారికి. చైనీస్ కాదండీ. హ్మోంగ్-మియెన్ అని పూర్తిగా వేరే కుటుంబం. మియావ్ అనేది చైనా ప్రభుత్వం పెట్టుకున్న లెక్కల పేరు. దాని కింద హ్మోంగ్, హ్ము, ఆ-హ్మావ్ లాంటి ఎన్నో జనాలను కలిపేశారు. వాళ్ళలో ఒకరి మాట ఇంకొకరికి అర్థం కాదు. ఇక లావోస్, థాయిలాండ్ వైపు "మెయో" అని పిలిచేవారు. అది తిట్టులాంటిది. పెద్దల ముందు పొరపాటున కూడా అనకండి. హ్మోంగ్ అనాలి.

ఇప్పుడు ఆ పలకని జీ సంగతి. హ్మోంగ్ మాట అచ్చుతో ముగుస్తుంది. చివర హల్లు ఉండదు. ముక్కులోంచి వచ్చే "ంగ్" ఒక్కటే దీనికి తేడా, దాన్ని కూడా అచ్చును రెండుసార్లు రాసి చూపిస్తారు. అంటే రోమన్ అక్షరాల్లో రాస్తే మాట చివర హల్లు చోటు ఖాళీగా మిగిలిపోతుంది. 1951 నుంచి 1953 దాకా లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో స్మాలీ, బార్నీ అనే ఇద్దరు ప్రొటెస్టెంట్లు, బెర్త్రే అనే కాథలిక్ ఫాదరూ కలిసి ఈ రాత తయారుచేసినప్పుడు ఆ ఖాళీ చోటును టోన్‌కి వాడుకున్నారు. హెచ్, ఎమ్, ఓ, ఓ, బీ అని రాస్తే అది "హ్మోంగ్". రెండు ఓలు కలిసి "ఓంగ్". బీ అంటే గొంతు ఎత్తులో పెట్టమని గుర్తు, అంతే. ఎక్కడా గీతలూ చుక్కలూ పెట్టనక్కర్లేదు, మామూలు కీబోర్డు చాలు. ఈ పిల్లలు ఫోన్లలో అంత వేగంగా హ్మోంగ్‌లో మెసేజీలు కొట్టుకోవడం అందుకే.

మీరు నేర్చుకోవలసింది ఒక్క మాటేనండీ, "పొ". ఏడు రకాలుగా అనాలి. గొంతు పైన నిలబెట్టి అంటే బంతి, చివర బీ రాస్తారు. పైనుంచి కిందికి జారిస్తే ఆడది, దానికి జే. మధ్యలో మొదలుపెట్టి పైకి లేపితే విసరడం, వీ. మధ్యలోనే నిలిపితే ప్లీహం, దానికి గుర్తేమీ రాయరు. కింద నిలిపితే మీరు అన్న ముల్లు, ఎస్. కిందే మొదలుపెట్టి గొంతు బిగబట్టి చటుక్కున ఆపితే చూడడం, ఎమ్. ఇక మీ పెద్దావిడది జీ. గొంతు దిగుతుంది, దిగుతూ ఊపిరి కలుస్తుంది. మనం "ఘ" అన్నప్పుడు, "భ" అన్నప్పుడు ఊపిరి వస్తుంది చూడండి, ఆ ఊపిరి హల్లు దగ్గర ఆగిపోకుండా అచ్చు పొడవునా పరుచుకోవాలి. దుప్పటి దులిపి పరిచినట్టు మెత్తగా. అదీ వాళ్ళ నాయనమ్మ. (డీ అని ఎనిమిదోది కూడా ఉంది. అది ఎమ్‌కే మరో రూపం, ఇప్పటికి వదిలేయండి.)

వాళ్ళ కొత్త సంవత్సరంలో పెళ్ళీడు పిల్లలు రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబడి బంతులు విసురుకుంటారు. ఆ ఆట పేరు "పొ పొ". మొదటి పొ గొంతు లేపి, విసరడం. రెండోది ఎత్తులో, బంతి. ముందు నాయనమ్మను చేర్చండి: "పొ పొ పొ". నాయనమ్మ బంతి విసురుతోంది. ఎనభై దాటిన పేషెంటు ఒకావిడ ఈ మూడు మాటలు నాచేత ప్రతి మంగళవారం చెప్పించేది. నేను ఆవిడ జబ్బకు బీపీ కట్టు చుట్టి గాలి కొడుతూ చెప్పాలి, ఆవిడ కళ్ళు మూసుకుని వినాలి. తప్పయితే కట్టు విప్పనిచ్చేది కాదు. తొమ్మిదో వారమో పదో వారమో, కళ్ళు తెరిచి తలూపింది. ఆ రోజు ఆవిడ బీపీ ఎంతో రాసుకోవడం కూడా మరిచిపోయి మళ్ళీ చూడాల్సొచ్చింది.

మన తెలుగువాళ్ళకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. రోమన్‌లో ఆర్ అని రాసేది వాళ్ళకు "ర" కాదు, మన "ట". హెచ్ చేరిస్తే "ఠ". అమెరికన్లు దీనికోసం ఏళ్ళకేళ్ళు తంటాలు పడతారు, మనకు నాలుక మీదే ఉంది. అలాగే మన "చాప"లో చ వేరు, "చీమ"లో చ వేరు కదా. వాళ్ళకీ రెండూ ఉన్నాయి, రెండూ వేరువేరు అక్షరాలు. టీ, ఎక్స్ రాస్తే చాపలో చ. టీ, ఎస్ రాస్తే దాదాపు చీమలో చ.

ఇప్పుడు వాద్యం. దాని పేరు "కేంగ్". కొయ్యతో చేసిన గాలిబుర్ర, అందులోంచి దూసుకొచ్చే ఆరు వెదురు గొట్టాలు, లోపల రాగి రంగు లోహపు నాలుకలు. గాలి వదిలినా మోగుతుంది, పీల్చినా మోగుతుంది. మీకు శబ్దం ఎక్కడా తెగినట్టు అనిపించకపోవడానికి కారణం ఇదే.

మన మాటలో హల్లులూ అచ్చులూ తీసేస్తే ఏం మిగులుతుంది చెప్పండి? ఏమీ లేదు. వాళ్ళ మాటలో గొంతు నడక మిగులుతుంది. బంతికీ ముల్లుకీ తేడా అక్కడే ఉంది కాబట్టి మాటలో పెద్ద ముక్కే చేతిలో ఉన్నట్టు. ఆ ముక్కను కేంగ్ పలుకుతుంది. ఏ టోన్‌కి ఏ గొట్టాలు మూయాలో కట్టుబాటు ఉంది. అయితే ఒకే నడక ఉన్న మాటలు వందలుంటాయి, వినేవాళ్ళకు ఏది ఏదో ఎలా తెలుస్తుందని అడుగుతారు. నేనూ అడిగాను. కేంగ్ ఊదే పెద్దాయన ఒకరు (మోకాలి ఆపరేషన్ తర్వాత నేను ఇంటికెళ్ళి చూసినాయన) చెప్పింది ఇదీ: ఆ పాఠం పద్యంలా బిగించి ఉంటుంది, అప్పటికప్పుడు అల్లేది కాదు. నేర్చుకునేవాడు ముందు నోటితో మాటలు కంఠతా పట్టాలి, ఆ తర్వాతే గొట్టం పట్టాలి. తెలిసిన చెవికి ఒక పాదం మొదలవగానే మాటలు లేచి వస్తాయి. తెలియని చెవికి, హ్మోంగ్ ఇంట్లో పుట్టినా సరే, రావు. ఆ పాఠం వినవలసింది కూర్చున్న మనం కాదు, పోయినాయన.

ఆయనకు చెప్పే దారి ఏమిటో కూడా చెప్తాను, ఎందుకంటే అది వింటే ఆ అమ్మాయి కన్నీళ్ళు మీకు తెలుస్తాయి. మొదటి రోజే ఒక పెద్దాయన నోటితో దారి పాట పాడతాడు. పోయినవాళ్ళు చివరగా ఉన్న ఇంటి నుంచి మొదలుపెట్టి, అంతకు ముందున్న ఊరు, దానికి ముందున్న ఊరు, ఒక్కొక్కటీ వెనక్కి. ప్రతి చోటా ఆగి, ఇన్నాళ్ళూ నీ నీళ్ళు తాగాను, నీ కట్టెలు కాల్చుకున్నానని అక్కడి దేవతలకు కృతజ్ఞత చెప్పుకోవాలి. సెయింట్ పాల్ పెద్దవాళ్ళలో చాలామందికి ఆ దారి ఇలా ఉంటుంది: ఈ ఇల్లు, ఇంతకు ముందున్న అద్దె ఇల్లు, విమానాశ్రయం, థాయిలాండ్‌లో బాన్ వినాయ్ శరణార్థి శిబిరం, మెకాంగ్ నది, లావోస్ అడవి, కొండ మీద పుట్టిన ఊరు. ఆ ఊళ్ళో పుట్టిన ఇంటి నేలలో కాన్పు నాటి మాయ (మావి) పాతి ఉంటుంది. కొడుకుదైతే నడిమి స్తంభం దగ్గర, కూతురిదైతే తల్లిదండ్రుల మంచం కింద. వాళ్ళ భాషలో మాయను "చొక్కా" అంటారు. మనిషి తొడుక్కున్న మొదటి చొక్కా అది. దాన్ని మళ్ళీ తొడుక్కుని అక్కడినుంచి పూర్వీకుల దగ్గరికి వెళ్ళాలి.

1975 మే నెలలో లాంగ్ చెంగ్ (లావోస్‌లో అమెరికా వైపు పోరాడిన హ్మోంగ్ సైనిక స్థావరం) విడిచి, పిల్లల్ని వీపున కట్టుకుని మెకాంగ్ దాటి వచ్చినవాళ్ళు, చనిపోయాక ఆ నదినే మళ్ళీ వెనక్కి దాటాలండీ. ఆ పాట మొదటిసారి ఒక దుబాసీ నాకు చెవిలో మెల్లగా చెబుతుంటే, ఊరి పేర్లు ఒకటొకటీ వస్తుంటే, నేను కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

లిపిపిచ్చి:

నర్సమ్మ గారూ, ఇంత బాగా చెప్పాక నేను ఒక్కటే చేర్చాలి, ఎందుకంటే అదీ టోన్ సంగతే. రోమన్ రాత కాకుండా వాళ్ళకు పహావ్ అనే సొంత లిపి ఉంది. 1959లో లావోస్-వియత్నాం సరిహద్దు కొండల్లో షాంగ్ లూ యాంగ్ అనే రైతు తయారుచేశాడు. ఆయనకు ఏ భాషలోనూ చదవడం, రాయడం రాదు. చదువు రాని మనిషి ఒక్కడే తన భాషను విడదీసి, ధ్వనులు లెక్కపెట్టి, ఒక్కొక్కదానికీ గీత కట్టడం ప్రపంచ చరిత్రలోనే బహు అరుదు. ఆ తర్వాత తన లిపిని తానే మూడుసార్లు సవరించుకున్నాడు. హ్మోంగ్ వాళ్ళు ఆయన్ని "అక్షరాల తల్లి" అన్నారు. 1971లో ఆయన్ని చంపేశారు.

నన్ను కట్టిపడేసింది ఆ లిపి అమరిక. మన గుణింతంలో హల్లు అసలు, అచ్చు దానికి తగిలించే గుర్తు. ఏ గుర్తూ లేకపోతే "అ" ఉన్నట్టు లెక్క. పహావ్‌లో ఇది తిరగేసి ఉంటుంది. అచ్చూ టోనూ కలిసినది అసలక్షరం, అది ముందు రాస్తారు. హల్లు తర్వాత వస్తుంది. పలికేది మాత్రం హల్లు ముందే. హల్లు ఏమీ రాయకపోతే "క" ఉన్నట్టు లెక్క. బడి మొహం చూడని ఆ రైతు చెవికి తన భాషలో ముందు వినబడింది గొంతు నడక. కేంగ్ ఊదేవాడు హల్లుల్ని వదిలేసి నడకను పట్టుకున్నాడు. ఈయన నడకను ముందు రాసి హల్లును వెనక పెట్టాడు. ఇద్దరూ ఒకటే విన్నారని నా నమ్మకం.

2014 నుంచి ఆ లిపి యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలకు వాడే పట్టికలో) ఉంది. వాడేవాళ్ళు తక్కువే, కానీ ఉంది.

వాళ్ళ కథల్లో పోయిన పుస్తకం ఒకటి వస్తుంది. పూర్వం మాకూ రాత ఉండేది, చైనా వాళ్ళ నుంచి పారిపోతూ నది దాటేటప్పుడు పోయింది అంటారు. గుర్రం తినేసిందని ఇంకో పాఠం. ఆ అక్షరాలే ఆడవాళ్ళ బట్టల మీద కుట్టుపనిలో దాక్కున్నాయంటారు. మీ పక్కింటి పెద్దావిడ పండుగ బట్టలు చూసే అవకాశం వస్తే కుట్టుపని దగ్గరగా చూడండి. నత్త చుట్టలా తిరిగే ముగ్గు కనిపించవచ్చు.

మంచుదారి:

నర్సమ్మ గారూ, మీ జవాబు మా ఆయనకు కూడా చదివి వినిపించాను. దారి పాట దగ్గర ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. అద్దం ముందు "పొ" సాధన చేస్తున్నాను. ఊపిరి వస్తోంది కానీ గొంతు దిగడం లేదు.

ఒక్క సందేహం. వెళ్ళి కూర్చున్నాక ఏమనాలి? "బాధగా ఉంది" అనే మాట అనువాద యాప్‌లో కొడితే ఏదో వచ్చింది. అది తప్పయి, ఆవిడ మనసు ఇంకా కష్టపెడతానేమోనని భయం. పక్కింటివాళ్ళం కాబట్టి ఏమైనా తీసుకెళ్ళాలా?

నర్సమ్మ:

యాప్‌ను నమ్ముకుని వెళ్ళకండి. ఈ విషయంలో నేను చేసిన తప్పు చెప్తాను.

మొదటి ఏడాది ఒకావిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. దుబాసీ రాని రోజు పన్నెండేళ్ళ మనవడు మాటలు చెప్పేవాడు. ఆవిడ నోట మాటిమాటికీ "షియా" అని వస్తోంది. "లివర్ కష్టంగా ఉంది అంటోంది" అన్నాడు వాడు. నేను పొట్ట కుడివైపు నొక్కి చూశాను, నొప్పి ఎప్పటినుంచని అడిగాను, డాక్టరుకు రాసి పంపాను. రక్తపరీక్షలు చేశారు. అంతా సవ్యంగానే ఉంది. నెల తర్వాత అసలు దుబాసీ వచ్చి చెప్పింది, ఆవిడ దిగులుతో కుంగిపోయి ఉందని. "ఞువా షియా" అంటే మాటకు మాట లివర్ కష్టం, అర్థం మాత్రం మనోవేదన. నెల్లాళ్ళు ఆవిడ తన దుఃఖం చెప్పుకుంటుంటే నేను పొట్ట నొక్కుతూ కూర్చున్నాను. ఆ పిల్లవాడి తప్పు కాదు, వాడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అడగాల్సింది నేను.

వాళ్ళకు మనసు ఉండే చోటు కాలేయం. మనకు కడుపు తరుక్కుపోతుంది, గుండె చెరువవుతుంది, వాళ్ళకు అన్నీ కాలేయంలోనే. సంతోషం "జోంగ్ షియా", మంచి కాలేయం. సహనం ఉన్నవాళ్ళది పొడుగు కాలేయం, ముక్కుమీద కోపం ఉన్నవాళ్ళది పొట్టి కాలేయం. మనసు విరిగితే "తు షియా", తెగిన కాలేయం. ఆ మూడు నాలుగు మాటలు తెలిస్తే చాలు, ఒక ముసలమ్మ పక్కన కూర్చోవచ్చు. మీరు అనవలసినవి కాదు, వినబడితే పట్టుకోవలసినవి.

మీరు అనవలసింది "పొ" ఒక్కటే. తర్వాత "నో మో?" అనండి. తినడం, అన్నం. అన్నం తిన్నావా అని అడగడమే వాళ్ళకూ పలకరింపు. మనం ఎలా అడుగుతామో అలాగే, కూర ఏది తిన్నా అన్నం అనే అంటారు.

ఇంకొకటి. ఆవిడ మణికట్టుకు తెల్ల దారాలు కట్టి ఉండవచ్చు. దుఃఖంలోనో భయంలోనో మనిషిలోంచి ఆత్మ జారి ఎక్కడో తిరుగుతుందని, దాన్ని గుమ్మం దగ్గర నిలబడి పిలిచి, వచ్చాక పోకుండా దారంతో కడతారు. వాటిని ముట్టుకుని ఏమిటివి అని లాగి చూడకండి. తెగ్గొట్టకూడదు. ఆసుపత్రుల్లో కత్తిరించబోతుంటే ఎన్నిసార్లు అడ్డుపడ్డానో.

తీసుకెళ్ళడానికి ఏదైనా పండు చాలు. మీ గుమ్మడి చివుళ్ళ కూర వండి తీసుకెళ్తే ఇంకా మంచిది, ఆవిడ ఇచ్చినదే కదా.

ఫ్రెస్నోవాసి:

ఆలస్యంగా చూశాను. కాలిఫోర్నియాలో ఫ్రెస్నో నుంచి. హ్మోంగ్‌లో తెల్ల, ఆకుపచ్చ అని రెండు శాఖలు, రెండు యాసలు ఉన్నాయి. నర్సమ్మ గారు చెప్పిందంతా తెల్ల హ్మోంగ్ మాట. మా దగ్గర ఆకుపచ్చ వాళ్ళు కూడా చాలామంది. వాళ్ళకు "హ్మోంగ్" అనే మాట మొదట్లో ఆ ముక్కు ఊపిరి (హ్) ఉండదు, తమను తాము "మోంగ్" అనే అంటారు. తెల్లవాళ్ళు అమ్మను "నియా" అంటే వీళ్ళు "నా" అంటారు. ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది. కాబట్టి ముందు ఆ అమ్మాయిని మీరెవరని అడగండి. అడిగినందుకు సంతోషిస్తారు.

ఇంగ్లీషు వచ్చిన మనిషి తోడు దొరికితే మీ పెద్దావిడ మొదట మిమ్మల్ని అడిగేది మీ వంశం ఏమిటని. యాంగ్, వాంగ్, లీ, మువా, థావ్ అని అమెరికాలో పద్దెనిమిది వంశాలు లెక్కపెడతారు. ఒకే వంశంవాళ్ళు ఎంత దూరపువాళ్ళైనా అన్నచెల్లెళ్ళే, పెళ్ళి కుదరదు. మేనత్త, మేనమామ పిల్లలు మాత్రం వేరే వంశం అవుతారు కాబట్టి పాతకాలంలో వరసే. నేను మా గోత్రం, ఇంటిపేరు, మేనరికం సంగతి చెబితే మా పక్కింటి పెద్దాయన కుర్చీ దగ్గరకు లాక్కుని గంటసేపు అడిగాడు. పెళ్ళయ్యాక ఆడవాళ్ళ వంశం పేరు మారదని కూడా అప్పుడే తెలిసింది. మగవాడికే పేరు మారుతుంది. పిల్లలు పుట్టాక అత్తమామలు విందు చేసి అతని పేరుకు ముందు ఒక పెద్దరికపు మాట చేరుస్తారు. అప్పటినుంచి ఆ పేరుతోనే పిలవాలి.

మంచుదారి:

నిన్న ఆదివారం వెళ్ళాను. కూర తీసుకెళ్ళాను. పెద్దావిడ మెట్ల మీదే ఉంది. చేతికి దారాలున్నాయి. "పొ" అన్నాను. తలెత్తి చూసింది. ఇంకోసారి అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా నా కుడిచెయ్యి తీసుకుని తన గొంతు మీద పెట్టుకుని, తనే మెల్లగా "పొ" అంది. వేళ్ళ కింద ముందు అదురు తెలిసింది, తర్వాత అది సన్నబడి గాలిలా అయిపోయింది. అప్పుడు నా చెయ్యి నా గొంతు మీద పెట్టింది. నాలుగో సారికో ఐదో సారికో నా వేళ్ళకూ అదే తగిలింది. "అఁ" అంది.

తర్వాత చాలాసేపు మాట్లాడింది. నాకు తెలిసింది రెండు మాటలే. ఒకటి "తు షియా". రెండోది అన్నం. మనవరాలు బయటికొచ్చాక చెప్పింది, తాతకు మా ఇంటి చిక్కుడు చెట్టంటే ఇష్టమట, కంచె మీంచి పాకితే కొయ్యనిచ్చేవాడు కాదట. వాళ్ళు తెల్ల హ్మోంగే. ఏడాది తిరిగాక తాత ఆత్మను విడిచిపెట్టే కర్మ ఒకటి ఉందట, ఆ రోజు కేంగ్ మళ్ళీ ఊదుతారు, మీరూ రావాలి అంది. వాళ్ళ తమ్ముడు పద్నాలుగేళ్ళవాడు ఈ నెల నుంచి శనివారాలు కేంగ్ నేర్చుకోవడానికి వెళ్తున్నాడట. ఇంకా గొట్టం చేతికి ఇవ్వలేదు, మాటలే చెప్పిస్తున్నారట.

వచ్చేముందు పెద్దావిడ మా ఇంటిపేరు అడిగింది. చెప్పాను. మూడుసార్లు పలికి చూసుకుని, ఏ టోన్‌లో అనాలని మనవరాలి చేత అడిగించింది. ఏమని చెప్పాలో తెలియలేదు. నర్సమ్మ గారూ, మన పేర్లు వాళ్ళు అడిగితే మీరేం చెప్పేవారు?

నర్సమ్మ:

నన్నూ అడిగేవారండీ. మీరే పెట్టండి అనేదాన్ని. నా పేషెంటు నాకు ఎత్తు గొంతు ఇచ్చింది, బీ.